పారిస్ కాన్సర్ట్‌కు షెంగెన్ టూరిస్టు వీసా: హైదరాబాద్ నుంచి దరఖాస్తు చేసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

అభిమాన గాయకుల ప్రపంచ పర్యటన తేదీలు వెలువడగానే మన యువతీయువకులు ముందుగా టికెట్ల వెంట పడతారు, టికెట్ చేతికొచ్చాకే వీసా గురించి ఆలోచిస్తారు. మామూలు విహారయాత్రకైతే వీసా రావడం వారం ఆలస్యమైనా ప్రయాణాన్ని కాస్త వెనక్కి జరుపుకోవచ్చు. కాన్సర్ట్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్రదర్శన శనివారం రాత్రి అయితే సోమవారం వచ్చిన వీసా వల్ల ప్రయోజనం ఉండదు. అందువల్ల ఈ తరహా ప్రయాణానికి దరఖాస్తును కాన్సర్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ సిద్ధం చేసుకోవాలి. టికెట్, పాస్‌పోర్ట్, బ్యాంకు ఖాతా, సెలవు పత్రం అన్నీ ఒకే పేరుతో, ఒకే తేదీలతో, ఒకే విషయాన్ని చెప్పేలా చూసుకోవాలి. పారిస్‌లో కాన్సర్ట్ చూడడానికి హైదరాబాద్ నుంచి దరఖాస్తు చేసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ విధానాన్ని మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను. ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల సమూహమైన షెంగెన్‌లో నిబంధనలు ఉమ్మడివి కాబట్టి జర్మనీ, స్పెయిన్, బెల్జియం వంటి దేశాలకు వెళ్లేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ఏ వీసా, ఏ దేశానికి

ప్రేక్షకుడిగా టికెట్ కొనుక్కుని కాన్సర్ట్‌కు వెళ్లడం పర్యాటకం కిందికే వస్తుంది. దీనికి 90 రోజులకు మించని బసకు ఇచ్చే స్వల్పకాలిక వీసా, అంటే సి రకం వీసా సరిపోతుంది. దరఖాస్తులో ప్రయాణ ఉద్దేశం అడిగిన చోట ‘సాంస్కృతికం’ అనే ఎంపిక కూడా కనిపిస్తుంది. సంగీతం కదా అని చాలామంది దాన్ని ఎంచుకోబోతారు. సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొనడానికి ఆహ్వానం అందుకుని వెళ్లేవారికి అది తగినది, టికెట్ కొని వెళ్లే ప్రేక్షకుడికి ‘పర్యాటకం’ అన్నదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం. సాంస్కృతికం అని పెడితే ఆహ్వాన పత్రం ఏదని అడిగే అవకాశం ఉంటుంది, మీ దగ్గర అది ఉండదు. వేదికపై పాడడానికో, వాయించడానికో, పారితోషికం తీసుకుని చిత్రీకరించడానికో వెళ్లేవారికి ఈ మార్గదర్శి వర్తించదు.

షెంగెన్ ప్రాంతంలో ప్రస్తుతం 29 దేశాలు ఉన్నాయి. బ్రిటన్, ఐర్లాండ్ అందులో లేవు. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీ ప్రదర్శన జరిగినప్పుడు ఇక్కడి నుంచి వెళ్లాలనుకున్నవారికి అవసరమైనది బ్రిటన్ విజిటర్ వీసా, షెంగెన్ వీసా అక్కడ పనికిరాదు. ఒకే పర్యటనలో పారిస్‌లోనూ లండన్‌లోనూ ప్రదర్శనలు చూడాలనుకుంటే రెండు వీసాలూ విడివిడిగా తీసుకోవాలి. పారిస్ నుంచి లండన్ వెళ్లి తిరిగి షెంగెన్ దేశంలో అడుగుపెట్టాలనుకుంటే ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు, అలాంటివారు దరఖాస్తులోనే ఒకటికి మించిన ప్రవేశాలు కోరి, ఎందుకు కావాలో లేఖలో చెప్పాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది ఇష్టాన్నిబట్టి నిర్ణయించుకునేది కాదు. మీ ప్రయాణంలో బస రోజుల దృష్ట్యా గానీ, ఉద్దేశం దృష్ట్యా గానీ ఏది ప్రధాన గమ్యమో ఆ దేశానికే దరఖాస్తు చేయాలని షెంగెన్ వీసా నియమావళి చెబుతుంది. ప్రధాన గమ్యం ఏదో తేల్చలేనప్పుడు మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. కాన్సర్ట్ పారిస్‌లో ఉండి, అక్కడ రెండు రాత్రులు మాత్రమే గడిపి, ఇటలీలో ఐదు రాత్రులు తిరగాలనుకుంటే సమస్య మొదలవుతుంది. ఉద్దేశం ప్రకారం ఫ్రాన్స్, రోజుల ప్రకారం ఇటలీ అవుతాయి. ఈ సందిగ్ధాన్ని అధికారికి వదిలేయకుండా, కాన్సర్ట్ జరిగే దేశంలోనే ఎక్కువ రాత్రులు ఉండేలా ప్రయాణాన్ని మార్చుకోవడం క్షేమం. ఏదో ఒక దేశంలో అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతోందని అక్కడ దరఖాస్తు చేసి, అసలు ప్రయాణం వేరే దేశంలో చేయడం మాత్రం వద్దు.

కాన్సర్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్క

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా దాఖలు చేయాలి. దరఖాస్తు స్వీకరించాక సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, ఇంకా పరిశీలన అవసరమనుకుంటే 45 రోజుల వరకు తీసుకునే అధికారం కాన్సులేట్‌కు ఉంది. ఈ 45 అనే అంకెను దృష్టిలో పెట్టుకునే ప్రణాళిక వేసుకోవాలి.

కాన్సర్ట్ జులై రెండో శనివారం ఉందనుకోండి. జనవరిలోనే దరఖాస్తుకు అర్హత వస్తుంది. 45 రోజులు పట్టినా, ఒకవేళ తిరస్కరిస్తే లోపం సరిదిద్దుకుని మళ్లీ దాఖలు చేసుకోవడానికి వీలుండాలంటే, మొదటి దరఖాస్తు మార్చి చివరికో ఏప్రిల్ మొదటి వారానికో లోపలికి వెళ్లిపోవాలి. ఏప్రిల్ నుంచి జులై వరకు వేసవి సెలవుల రద్దీ వల్ల అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమవుతుంది. కాబట్టి అపాయింట్‌మెంట్ కోసం ఫిబ్రవరిలోనే చూడడం మొదలుపెట్టాలి. శరదృతువులో జరిగే కాన్సర్ట్‌లకు ఇంత ఒత్తిడి ఉండదు.

వీసా వచ్చాక టికెట్ కొందామా, టికెట్ కొన్నాక వీసాకు వెళ్దామా అన్న ప్రశ్న అందరికీ వస్తుంది. పెద్ద కాన్సర్ట్‌ల టికెట్లు అమ్మకం మొదలైన గంటల్లోనే అయిపోతాయి కనుక ఆచరణలో టికెట్టే ముందు కొనాల్సి వస్తుంది. అయితే టికెట్ ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. ఆ డబ్బు వెనక్కి రాకపోవచ్చని తెలిసే కొనండి. విమానం, హోటల్ విషయంలో మాత్రం వీసా వచ్చేవరకు రద్దు చేసుకునే వీలున్నవాటినే ఎంచుకోండి.

పాస్‌పోర్ట్, పేర్ల సమస్య

పాస్‌పోర్ట్ గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, షెంగెన్ దేశాల నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు కావాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఇవి అందరికీ తెలిసిన నియమాలే. తెలుగువారికి అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది.

మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట అసలు లేకుండా ఉంటుంది. ఆధార్‌లో ‘కె. వెంకట సాయి లక్ష్మి’, పాన్ కార్డులో ‘కొండవీటి వెంకట సాయి లక్ష్మి’, బ్యాంకులో ‘సాయి లక్ష్మి కె’, కాన్సర్ట్ టికెట్ ఖాతాలో ముద్దుగా ‘లక్కీ’ అని ఉంటే, మన కళ్లకు అది ఒకే మనిషి. మన పేర్ల తీరు తెలియని అధికారికి నలుగురు కనిపిస్తారు. ఆంగ్లంలో లక్ష్మి అనే పేరులోనే ‘కెఎస్‌హెచ్’ రాసేవారు, ‘ఎక్స్’ రాసేవారు ఉన్నారు. కాబట్టి టికెట్ల వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరును అక్షరం కూడా మార్చకుండా ఇవ్వండి. విమానం, హోటల్, బీమా అన్నిటికీ ఇదే పద్ధతి పాటించండి. బ్యాంకు ఖాతాలో తేడా ఉంటే శాఖకు వెళ్లి సరిచేయించుకోవడానికి సమయం ఉంటుంది కనుక ముందే చూసుకోండి. సరిచేయడం కుదరని పాత పత్రాలు ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ వద్ద అఫిడవిట్ చేయించి జతపరచండి.

కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. దరఖాస్తులో సొంతంగా ఇంటిపేరు చేర్చకండి. పాస్‌పోర్ట్ గడువు ఎలాగూ దగ్గరపడుతుంటే, కాన్సర్ట్ టికెట్ కొనకముందే కొత్తది తీసుకుని అందులో ఇంటిపేరును దాని గడిలో రాయించుకోవడం మంచిది. పేరులో ఏ మార్పు చేసినా పాస్‌పోర్ట్ కార్యాలయం అందుకు ఆధారాలు అడుగుతుంది కనుక కొన్ని వారాలు అదనంగా కేటాయించుకోండి.

కాన్సర్ట్ టికెట్‌ను ఆధారంగా చూపడం

మీరు ఆ తేదీల్లోనే ఎందుకు వెళ్తున్నారో అధికారికి సూటిగా చెప్పే పత్రం ఇదే. కానీ నేటి టికెట్లు చాలావరకు ఫోన్‌లోనే ఉంటాయి, క్యూఆర్ కోడ్ ప్రదర్శనకు కొద్ది రోజుల ముందు గానీ తెరుచుకోదు. అందువల్ల దరఖాస్తు నాటికి చూపడానికి టికెట్ లేదని కంగారు పడనక్కర్లేదు. ఆర్డర్ ధ్రువీకరణ ఈమెయిల్‌ను ముద్రించండి. అందులో కొన్నవారి పేరు, ఆర్డర్ సంఖ్య, కళాకారుల పేరు, తేదీ, వేదిక, టికెట్ల సంఖ్య, చెల్లించిన మొత్తం కనిపించాలి. దానితోపాటు ఆ మొత్తం మీ కార్డు నుంచి వెళ్లినట్టు చూపే స్టేట్‌మెంట్ పేజీని జతచేసి, ఆ వరుసను పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఈ రెండు కాగితాలు పక్కపక్కన ఉంటే టికెట్ నిజమైనదా అన్న సందేహం చాలావరకు తీరుతుంది.

నలుగురు స్నేహితులు కలిసి వెళ్తున్నప్పుడు టికెట్లన్నీ ఒకరి ఖాతాలోనే ఉండడం సహజం. అప్పుడు కొన్న వ్యక్తి సంతకంతో ఒక చిన్న లేఖ కావాలి. ఏ ఆర్డర్ సంఖ్యలో ఎన్ని టికెట్లు కొన్నారు, అందులో ఒకటి ఎవరి కోసం, ఆ వ్యక్తి పాస్‌పోర్ట్ సంఖ్య ఏమిటి అన్నవి అందులో రాయాలి. మీ వాటా డబ్బును ఆ స్నేహితుడికి యూపీఐ ద్వారా పంపి ఉంటే ఆ లావాదేవీ కాపీ కూడా పెట్టండి.

తిరిగి అమ్మే టికెట్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఫ్రాన్స్‌లో నిర్వాహకుల అనుమతి లేకుండా టికెట్లను అలవాటుగా తిరిగి అమ్మడాన్ని 2012లో చేసిన చట్టం నేరంగా పరిగణిస్తుంది. సోషల్ మీడియాలో పరిచయమైన వ్యక్తి దగ్గర కొన్న టికెట్ వేదిక ద్వారం దగ్గర చెల్లకపోవచ్చు. వీసా ఫైలులో అలాంటి టికెట్ పెడితే దానికి మీ పేరుతో ఏ సంబంధమూ కనిపించదు. నిర్వాహకులే నడిపే అధికారిక పునర్విక్రయ వేదిక ఉంటే అక్కడే కొనండి.

డబ్బు చూపడం

ఫ్రాన్స్ రోజుకు ఎంత డబ్బు చూపాలో స్పష్టంగా నిర్ణయించింది. హోటల్ ముందుగా బుక్ చేసుకున్నవారికి రోజుకు 65 యూరోలు, ఏ బుకింగూ లేనివారికి 120 యూరోలు, అక్కడ ఉన్నవారి ఇంట్లో అధికారిక ఆతిథ్య పత్రంతో ఉండేవారికి 32.50 యూరోలు. హోటల్ బుక్ చేసుకుని ఎనిమిది రోజులు ఉండేవారికి 520 యూరోలు కనీస మొత్తం అవుతుంది. అంతవరకే ఖాతాలో ఉంచితే సరిపోతుందని అనుకోవద్దు. ఈ ప్రయాణానికి ఖర్చు చేశాక కూడా మీ నెలవారీ జీవితం మామూలుగా సాగుతుందని ఖాతా చూపాలి. నెలకు నలభై వేల జీతం ఉన్న వ్యక్తి మూడు లక్షల ప్రయాణం ఎలా చేస్తున్నాడన్న ప్రశ్న సహజంగా వస్తుంది, దానికి జవాబు మీ పత్రాల్లోనే దొరకాలి. రెండేళ్లుగా దాచుకున్న రికరింగ్ డిపాజిట్ అయితే ఆ పత్రం పెట్టండి.

బ్యాంకు స్టేట్‌మెంట్ కనీసం గత మూడు నెలలది, బ్యాంకు ముద్రతో తీసుకోండి. జాబితాలో అంతకంటే ఎక్కువ నెలలవి అడిగితే అన్నీ ఇవ్వండి. ఉద్యోగులు మూడు నెలల జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నుల రసీదులు, కంపెనీ లెటర్‌హెడ్‌పై సెలవు మంజూరు లేఖ జతచేయాలి. ఆ లేఖలో సెలవు తేదీలు, తిరిగి విధుల్లో చేరే తేదీ, హోదా, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారన్నవి ఉండాలి. వ్యాపారులు జీఎస్టీ నమోదు పత్రం, వ్యాపార ఖాతా స్టేట్‌మెంట్ చేర్చాలి.

చివరి వారంలో ఖాతాలోకి పెద్ద మొత్తం రావడం ఎక్కడైనా అనుమానానికి తావిస్తుంది. మన ఇళ్లలో ఇలాంటి మొత్తాలకు న్యాయమైన కారణాలు చాలా ఉంటాయి. చిట్టీ పాడుకుని ఉండవచ్చు, ధాన్యం లేదా మిర్చి అమ్మిన డబ్బు పడి ఉండవచ్చు, నాన్నగారి పదవీ విరమణ సొమ్ము వచ్చి ఉండవచ్చు. కారణం చెప్పకుండా వదిలేస్తే అది అప్పు తెచ్చి చూపిన డబ్బుగా కనిపిస్తుంది. చిట్టీ కంపెనీ చెల్లింపు రసీదో, మార్కెట్ యార్డు రసీదో పెట్టి, లేఖలో ఒక్క వాక్యంలో ఆ జమ ఎక్కడిదో రాయండి. వ్యవసాయ కుటుంబాల వారు పట్టాదారు పాసుపుస్తకం కాపీని, రెవెన్యూ అధికారులు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రాన్ని చేర్చవచ్చు. తెలుగులో ఉన్న ఏ పత్రానికైనా ఆంగ్ల అనువాదం జతచేయాలి.

విద్యార్థుల దరఖాస్తుల్లో తల్లిదండ్రుల ఆదాయమే ఆధారం అవుతుంది. కళాశాల ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రం, ప్రయాణ తేదీలకు పరీక్షలు అడ్డు రావని తెలిపే పత్రం, ఖర్చు తామే భరిస్తామని తల్లిదండ్రులు సంతకం చేసిన లేఖ, వారి బ్యాంకు స్టేట్‌మెంట్, పన్ను రిటర్నులు, మీరు వారి సంతానమని చూపే జనన ధ్రువపత్రం కావాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి తల్లిదండ్రులిద్దరి అనుమతి పత్రం నోటరీతో తప్పనిసరి. పిల్లలకు టికెట్ కొనేముందు వేదిక వయోపరిమితిని కూడా చూసుకోండి.

వివరణ లేఖ

ఫైలులో మొదటి కాగితం ఇదే కావాలి. ఒక పేజీ దాటకుండా, ఆంగ్లంలో, సూటిగా రాయండి. మీరు ఎవరు, ఏ పని చేస్తారు, ఏ తేదీన వెళ్లి ఏ తేదీన వస్తారు, ఏ వేదికలో ఏ రోజు కాన్సర్ట్ ఉంది, మిగతా రోజుల్లో ఏం చూస్తారు, ఖర్చు ఎవరిది, తిరిగి వచ్చి ఏ విధుల్లో చేరతారు అన్నవి వరుసగా ఉండాలి. ఆ కళాకారులంటే మీకెంత ప్రాణమో ఒక్క వాక్యంలో చెబితే చాలు, అభిమానాన్ని పేజీలకొద్దీ రాయడం వల్ల ఫైలు బలపడదు.

లేఖ వెనుక రోజువారీ ప్రణాళిక పెట్టండి. ఉదాహరణకు గురువారం పారిస్ చేరిక, హోటల్ పేరు, శుక్రవారం వెర్సాయ్ రాజభవనం, శనివారం సాయంత్రం సెయింట్-డెనిస్‌లోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో కాన్సర్ట్, ఆదివారం విశ్రాంతి, సెన్ నది ఒడ్డున నడక, సోమవారం లూవ్ర్ మ్యూజియం, మంగళవారం తిరుగు విమానం. స్టాడ్ ద ఫ్రాన్స్ పారిస్ నగరానికి ఉత్తరాన శివార్లలో ఉంది, ఆర్‌ఈఆర్ అనే శివారు రైళ్లలో బి, డి లైన్లు, మెట్రో 13వ లైను దానికి దగ్గరగా వెళ్తాయి. పారిస్ లా దెఫాన్స్ అరీనా నగరానికి పడమరన నాంతేర్‌లో ఉంది. మీ హోటల్ వేదికకు పోయివచ్చే మార్గంలో ఉంటే ప్రణాళిక నిజంగా ఆలోచించి వేసినదిగా కనిపిస్తుంది, కాన్సర్ట్ ముగిశాక అర్ధరాత్రి తిరిగి రావడానికీ అది పనికివస్తుంది.

బస, విమానం, బీమా

హోటల్ బుకింగ్‌లో వెళ్లేవారందరి పేర్లూ ఉండాలి, మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి వరకు మధ్యలో ఖాళీ ఉండకూడదు. పారిస్‌లో ఉన్న బంధువుల ఇంట్లోనో స్నేహితుల గదిలోనో ఉండేటట్లయితే వారు తమ పురపాలక కార్యాలయం, అంటే మేరీ నుంచి ‘అతెస్తాసియోఁ దక్యూయ్’ అనే ఆతిథ్య పత్రం తీసుకోవాలి. దానికి వారు 30 యూరోల రుసుము చెల్లించాలి, పత్రం చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు, అసలు ప్రతి మీకు చేరడానికి మరికొంత సమయం కావాలి. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఆహ్వానం దీనికి బదులు కాదు.

విమానానికి రానుపోను రిజర్వేషన్ చూపాలి. కొందరు ఏజెంట్లు కొద్దిపాటి డబ్బుకు తయారుచేసి ఇచ్చే నకిలీ టికెట్ల జోలికి దయచేసి వెళ్లవద్దు. ఆ బుకింగ్ సంఖ్యను విమాన సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే నిజం క్షణాల్లో తెలుస్తుంది. తప్పుడు పత్రం పెట్టారన్న కారణంతో వచ్చే తిరస్కరణ మామూలు తిరస్కరణ కంటే బరువైనది, షెంగెన్ దేశాలన్నీ చూడగల వీసా సమాచార వ్యవస్థలో అది ఐదేళ్ల వరకు ఉంటుంది. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినా ఫ్రాన్స్ ఇచ్చిన వీసా చెల్లుతుంది, ప్రధాన గమ్యం ఫ్రాన్సే కాబట్టి ఇబ్బంది లేదు. లండన్ మీదుగా వెళ్లే చవక టికెట్ కొనేముందు మాత్రం బ్రిటన్ ట్రాన్సిట్ వీసా అవసరమేమో చూసుకోండి.

బీమా కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించేదిగా, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేదిగా, బస మొత్తం కాలానికి ఉండాలి. మన దేశంలోని బీమా సంస్థలే ఇస్తాయి. కాన్సర్ట్‌కు వెళ్లేవారు కొంచెం ఎక్కువ చెల్లించైనా ప్రయాణ రద్దుకు పరిహారం ఇచ్చే పాలసీని చూడాలని నా సూచన, అయితే కార్యక్రమం రద్దయితే పరిహారం వస్తుందా రాదా అన్నది షరతుల్లో చదివి తెలుసుకోండి. 2024 ఆగస్టులో వియన్నాలో టేలర్ స్విఫ్ట్ మూడు ప్రదర్శనలు ఉగ్రదాడి కుట్ర బయటపడడంతో రద్దయ్యాయి. టికెట్ సొమ్ము నిర్వాహకులు వెనక్కి ఇస్తారు, విమానం, హోటల్, వీసా రుసుములు మాత్రం ప్రేక్షకుడి మీదే పడతాయి.

దరఖాస్తు, వీఎఫ్‌ఎస్ కేంద్రంలో రోజు

ఫ్రాన్స్‌కు దరఖాస్తును ‘ఫ్రాన్స్-వీసాస్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నింపాలి. మీ వివరాల ఆధారంగా అది మీకు కావలసిన పత్రాల జాబితాను చూపుతుంది, ఆ జాబితానే ప్రమాణంగా తీసుకోండి. దరఖాస్తును ముద్రించి, సంతకం చేసి, కాన్సులేట్ తరఫున దరఖాస్తులు స్వీకరించే వీఎఫ్‌ఎస్ గ్లోబల్ సంస్థ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ కేంద్రానికి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. విజయవాడ, గుంటూరు, వరంగల్ వంటి ఊళ్ల నుంచి వచ్చేవారు ముందురోజే నగరానికి చేరుకోవడం మేలు, తప్పిపోయిన అపాయింట్‌మెంట్‌కు బదులు మరొకటి వేసవిలో వెంటనే దొరకదు.

వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వారికి ఉచితం. దీనికి వీఎఫ్‌ఎస్ సేవా రుసుము అదనం. తిరస్కరించినా ఈ డబ్బు తిరిగి రాదు. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తుతో, లేత రంగు నేపథ్యంలో, గత ఆరు నెలల్లో తీయించినదై ఉండాలి.

కేంద్రంలో టోకెన్ ఇచ్చి, కౌంటర్ వద్ద పత్రాలను జాబితాతో సరిచూసి, రుసుము తీసుకుని, తర్వాత పది వేళ్ల ముద్రలు, ఫొటో తీసుకుంటారు. గత 59 నెలల్లో షెంగెన్ వీసాకు వేలిముద్రలు ఇచ్చినవారివి తిరిగి వాడుకునే వీలుంది. పెళ్లిళ్ల కాలంలో వెళ్లే అమ్మాయిలు వేళ్ల చివర గోరింటాకు లేకుండా చూసుకోవాలి, ముద్రలు సరిగా పడకపోతే మళ్లీ రమ్మనే అవకాశం ఉంది. కౌంటర్‌లో ప్రీమియం లాంజ్ వంటి అదనపు సేవలు చెబుతారు. అవి కూర్చునే సౌకర్యానికే, వీసా నిర్ణయాన్ని అవి మార్చలేవు, తొందరపెట్టలేవు. నిర్ణయం పూర్తిగా కాన్సులేట్ అధికారులది. ఏదైనా పత్రం తక్కువైందని కౌంటర్‌లో చెబితే, ‘ఫర్వాలేదు, తీసుకోండి’ అని తొందరపడి ఇచ్చేయకుండా ఆ రోజే తెచ్చి ఇవ్వగలరేమో అడగండి.

పాస్‌పోర్ట్ కాన్సులేట్ దగ్గరే ఉండిపోతుంది. ఆ మధ్యలో మరో విదేశీ ప్రయాణం పెట్టుకోకూడదు.

స్టిక్కర్‌ను చదవడం

పాస్‌పోర్ట్ చేతికి రాగానే కవరు అక్కడే విప్పి వీసా స్టిక్కర్‌ను చదవండి. పేరు, పాస్‌పోర్ట్ సంఖ్య సరిపోవాలి. ‘ద్యు’ (నుంచి), ‘ఓ’ (వరకు) అనే ఫ్రెంచ్ మాటల పక్కన ఉన్న రెండు తేదీలు వీసా చెల్లుబాటు కాలాన్ని చెబుతాయి. ‘ద్యూరే ద సెజూర్’ దగ్గర ఉన్న అంకె మీరు అక్కడ ఉండగల రోజుల సంఖ్య. చెల్లుబాటు కాలం సాధారణంగా 15 రోజులు ఎక్కువే ఇస్తారు, దాన్ని చూసి బసను పొడిగించుకోవచ్చనుకుంటే పొరపాటు. బస రోజులు పది అని ఉంటే, దిగిన రోజు, బయల్దేరిన రోజు కూడా కలిపి పదే. ప్రవేశాల దగ్గర 01, 02 లేదా మల్ట్ (పలుసార్లు) అని ఉంటుంది. తప్పు కనిపిస్తే ఆ రోజే తెలియజేయండి.

తిరస్కరిస్తే, కాన్సర్ట్ రద్దయితే

తిరస్కరణ పత్రంలో కారణాల పట్టిక ఉండి, మీకు వర్తించే గడిలో గుర్తు ఉంటుంది. ప్రయాణ ఉద్దేశం నిరూపించలేదనడం, డబ్బు చాలదనడం, గడువులోగా తిరిగి వెళ్తారన్నదానిపై సందేహం ఉందనడం తరచుగా కనిపించేవి. చివరిది చూసి యువత బాగా కుంగిపోతారు. అది మీ వ్యక్తిత్వం మీద తీర్పు కాదు, ఉద్యోగం, చదువు, కుటుంబ బాధ్యతల ఆధారాలు ఫైలులో సరిపోలేదన్న అభిప్రాయం మాత్రమే. 30 రోజుల్లోగా ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఉన్న వీసా విభాగానికి అప్పీలు చేసుకోవచ్చు. కాన్సర్ట్ దగ్గర్లో ఉన్నప్పుడు అప్పీలు ఫలితం కోసం ఎదురుచూడడం కంటే, లోపాన్ని నిజంగా సరిదిద్ది కొత్త దరఖాస్తు వేయడం ఎక్కువగా ఉపయోగపడుతుంది. అవే పత్రాలతో మళ్లీ వేస్తే రుసుము పోవడం తప్ప ఫలితం మారదు. పాత తిరస్కరణను దాచకుండా కొత్త లేఖలో చెప్పి, ఏం మార్చారో రాయండి.

వీసా వచ్చాక కాన్సర్ట్ రద్దయితే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు మీ మిగతా ప్రణాళికలో ఉంది. హోటల్, తిరుగు టికెట్, చూడవలసిన ప్రదేశాలు అన్నీ అలాగే ఉంటే పర్యాటకుడిగా వెళ్లవచ్చు, సరిహద్దు అధికారి అడిగితే ఉన్న విషయం చెప్పాలి. నిర్ణయం ఇంకా రాకముందే రద్దయితే ఆ సంగతి కాన్సులేట్‌కు తెలియజేసి, కొత్త ప్రణాళిక పంపండి.

వీసా ఉన్నా సరిహద్దులో పత్రాలు అడిగే హక్కు అధికారులకు ఉంది. టికెట్ ధ్రువీకరణ, హోటల్ బుకింగ్, బీమా, తిరుగు టికెట్ ముద్రిత ప్రతులను చేతిసంచిలోనే పెట్టుకోండి. 2025 అక్టోబరు 12 నుంచి మొదలైన కొత్త ప్రవేశ, నిష్క్రమణ వ్యవస్థలో పాస్‌పోర్ట్‌పై ముద్ర వేయడానికి బదులు మీ రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేస్తారు. ఈటియాస్ అనే అనుమతి గురించి కూడా వార్తలు వస్తుంటాయి, వీసా తీసుకుని వెళ్లే భారతీయులకు దానితో పని లేదు.

తిరిగి వచ్చాక బోర్డింగ్ పాసులు, హోటల్ రసీదులు పారేయకండి. 2024 ఏప్రిల్ 18న అమల్లోకి వచ్చిన విధానం ప్రకారం, మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు పొంది వాటిని నిబంధనల ప్రకారం వాడుకున్న భారతీయులకు రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్ట్ గడువు అనుమతిస్తే ఐదేళ్ల వీసా దొరికే అవకాశం ఉంది. పాస్‌పోర్ట్‌పై ముద్రలు లేని ఈ రోజుల్లో, మీరు గడువులోగా తిరిగి వచ్చారని తర్వాతి దరఖాస్తులో మీ వైపు నుంచి చూపడానికి ఆ కాగితాలు అక్కరకు వస్తాయి.